ఎడంచేతి ఓనమాలు

మా యింట్లో సాయంత్రం ఆరున్నరకల్లా రణభేరి మోగుతుంది. వీధిలో మిరపకాయ బజ్జీల బండి చుట్టూ జనం, వంటింట్లో కుక్కరు కూతలు, మధ్యగదిలో చాపమీద మా ఆరేళ్ళ సుపుత్రుడు, వాడి ముందు చూచివ్రాత పుస్తకం, వాడి పక్కన నేను. పుస్తకంలో పై వరసన వాళ్ళ పంతులమ్మగారు ముత్యాల్లాంటి అక్షరాలతో "పాలు, పాము, పలక" అని వ్రాసి యిచ్చారు. కింద తొమ్మిది వరసలు మావాడు నింపాలి. ఒకటో వరస అయ్యేసరికి వాడికి దాహం వేస్తుంది. రెండో వరసకు కడుపులో నొప్పి వస్తుంది. మూడో వరసకు నాకు తలనొప్పి వస్తుంది.

నేను తెలుగులో ఎమ్మే చేసినదాన్ని. పదిహేడేళ్ళుగా కాలేజీలో పెద్ద పిల్లలకు భారతమూ ప్రబంధాలూ చెబుతున్నదాన్ని. అటువంటి నేను కన్నకొడుకుచేత ఒక్క 'ప' సరిగా వ్రాయించలేకపోయాను సుమండీ! 'వ'కు తలకట్టు ఒంటిని అంటిపెట్టుకుని వుంటుంది. 'ప'కు విడిగా, నెత్తిన పెట్టిన టోపీలాగా వుంటుంది. తేడా అంతే. ఆ టోపీ మావాడి చేతిలో ఎప్పుడూ జారి ఒంటికి అంటుకుపోతుంది. వాడి వ్రాత ప్రకారం మా యింట్లో పొద్దున్నే 'వాలు' కాగుతాయి. పుట్టలోనించి 'వాము' బుస కొడుతూ బయటికి వస్తుంది.

"పోనిద్దూ. పెద్దయ్యాక ఎవడు వ్రాస్తాడు చేత్తో? ఫోనుకేసి మాట్లాడితే అదే తెలుగులో అచ్చువేసి చూపిస్తోంది" అంటారు మావారు, పత్రిక చాటునించి. ఆయన చివరిసారి కలం పట్టింది ఎప్పుడో ఆయనకే గుర్తులేదు. కాని మేముంటున్నది అశోక్‌నగర్‌లో. కిటికీలోనించి తొంగిచూస్తే చాలు, ఆయన మాట ఎంత తప్పో తెలుస్తుంది. జిల్లాలనించి వచ్చి యిక్కడి హాస్టళ్ళలో వుంటూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు ఈ పేటనిండా వున్నారు. పాతికేళ్ళవాళ్ళు, ముప్ఫయ్యేళ్ళవాళ్ళు గడియారం ముందు పెట్టుకుని, కాయితాలు కాయితాలు చేత్తో వ్రాసి సాధన చేస్తుంటారు. గ్రూప్-1 మెయిన్స్‌లో ప్రశ్నలకు జవాబులు యీనాటికీ చేత్తో వ్రాయవలసిందే. పదో తరగతీ అంతే, ఇంటరూ అంతే. ఆ జవాబు పత్రాలు దిద్దే పాపం నాదీ గనక, గజిబిజి వ్రాతలో మునిగిపోయిన మంచి జవాబులు ఎన్నో నాకు తెలుసు.

అసలు సంగతి యింకా చెప్పనేలేదు. మావాడిది పుర్రచేతివాటం.

ఈ మాట చెప్పడానికి యింతసేపు పట్టిందంటే, చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా వుండబట్టే. వాడి చెయ్యిని గురించి కాదు నా సిగ్గు. ఆ చెయ్యిని మేమేం చేశామన్నదాన్ని గురించి.

వాడికి నాలుగో యేడు రాగానే బాసర తీసుకుపోయి గోదావరి ఒడ్డున సరస్వతీ అమ్మవారి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించాము. బలపం చేతికివ్వగానే వాడు నిక్షేపంగా ఎడంచేత్తో అందుకున్నాడు. చుట్టూ వున్న పెద్దవాళ్ళందరూ ఒక్కసారిగా "హారి!" అన్నారు. మా అత్తగారు గభాలున వంగి బలపాన్ని వాడి కుడిచేతిలోకి మార్చారు. అందరం నవ్వుకున్నాము. పళ్ళెంలో బియ్యం మీద 'ఓం' చుట్టడం పూర్తయింది. వాడు మాత్రం నవ్వలేదు. తన చేతిలో వస్తువు ఎందుకు తీసుకున్నారో తెలియనివాడిలా నావంక చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

తరవాత యింట్లో అది చట్టమైంది. అన్నం కుడిచేత్తో తినాలి, ప్రసాదం కుడిచేత్తో పుచ్చుకోవాలి. యింతవరకు సరే, వాడు అలవాటు చేసుకున్నాడు. వ్రాత దగ్గరే వచ్చింది చిక్కు. పెన్సిలు ఎడంచేతిలోకి వెళ్ళేది, అత్తగారు మార్చేవారు. మళ్ళీ వెళ్ళేది, నేను మార్చేదాన్ని. చెయ్యిమీద ఒక్క దెబ్బ వెయ్యలేదు, నిజమే. "చూడు నాన్నా, మంచి చెయ్యి యిది" అని మాత్రం రోజుకు పదిసార్లు అన్నాను. అంటే రెండోది చెడ్డదనేగా అర్థం! ఆరేళ్ళవాడికి ఆ మాత్రం వ్యాకరణం తెలియదూ?

కుడిచేత్తో వ్రాసేటప్పుడు వాడు పళ్ళు బిగించేవాడు. పెన్సిలు ముక్కు రోజుకు నాలుగుసార్లు విరిగేది. గీత కాయితం అవతలివైపుకు దిగేది. ఒకనాడు చూచివ్రాత పుస్తకం కనిపించలేదు. యిల్లంతా వెతగ్గా బియ్యం డబ్బా వెనక దొరికింది. ఎందుకురా అంటే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అమ్మా, నాకు తెలుగు వద్దు" అన్నాడు.

తెలుగు మేష్టరమ్మ కొడుకు అన్న మాట అది! తెలంగాణలో బళ్ళన్నింటిలోనూ తెలుగు తప్పక నేర్పాలని 2018లో చట్టం చేసినప్పుడు కాలేజీలో మిఠాయి పంచినదాన్ని నేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఆదివారం. మనసు బాగుండక వాణ్ణి వెంటబెట్టుకుని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళాను. ఆదివారమైనా, పండగైనా అక్కడి ఆవరణలో పరీక్షల పిల్లలు కూచుని చదువుకుంటూనే వుంటారు. నేను నడుస్తున్నదాన్నల్లా ఆగాను, ఎందుకంటే మావాడు నా చెయ్యి వదిలేసి కొయ్యబారిపోయాడు. ఎదురుగా ఒక అమ్మాయి, యిరవయ్యేడు, యిరవయ్యెనిమిదేళ్ళుంటాయి, తొడమీద అట్ట పెట్టుకుని చకచకా వ్రాసుకుపోతోంది. ఎడంచేత్తో.

"అమ్మా, ఆ అక్కని ఎవరూ ఏమీ అనటంలేదే!" అన్నాడు మావాడు, గుసగుసగా అననుకుని గట్టిగా.

ఆ అమ్మాయి తలెత్తి నవ్వింది. నల్లగొండ జిల్లానించి వచ్చిందట. సంగతి విని, వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఒక తెల్లకాయితం యిచ్చింది. వాడు నావంక చూశాడు. నేను తల వూపాను. పెన్సిలు ఎడంచేత్తో పట్టుకున్నాడు. పట్టుకుని, తాను వ్రాస్తున్నది తనకే కనబడక మణికట్టును కొక్కెంలాగా లోపలికి వంచాడు. అప్పుడా అమ్మాయి అన్న మాట వినండి: "చెయ్యి ఎందుకు తిప్పుతవ్ తమ్మీ? కాయితం తిప్పు!"

కాయితాన్ని వాడికి కాస్త ఎడమపక్కకు జరిపి, గడియారం ముల్లు తిరిగేవైపుకు కొంచెం వాలుగా తిప్పింది. పెన్సిలును కొసదగ్గర కాకుండా బొటనవేలు వెడల్పంత పైకి పట్టించింది. మావాడి మణికట్టు తిన్నగా అయింది. 'ప' వ్రాశాడు. టోపీ విడిగా నిలబడింది!

"తెందుల్కర్ తెలుసా? బ్యాటు కుడిచేతివాటం, సంతకం మాత్రం ఎడమచేత్తోనే చేస్తడు" అని కూడా చెప్పింది. యిహ మావాడి ఆనందానికి పట్టపగ్గాలున్నాయా? యింటికొచ్చేదాకా దారిలో ప్రతి దుకాణం బోర్డుమీదా 'ప' వెతికాడు.

నేను మాత్రం దారంతా తల వంచుకుని నడిచాను. ఎందుకో చెబుతాను. ఆ వారమే కాలేజీలో విరాటపర్వం పాఠం. జమ్మిచెట్టు దగ్గర అర్జునుడు ఉత్తరకుమారుడికి తన పది పేర్లూ చెబుతాడు గదా. అందులో ఒకటి సవ్యసాచి. గాండీవాన్ని ఏ చేత్తోనైనా ఒకే నేర్పుతో లాగగలవాడు గనక ఆ పేరు. 'సవ్య' అంటే సంస్కృతంలో ముఖ్యంగా ఎడమ అని అర్థం. జంధ్యం ఎడమ భుజంమీద వుంటే సవ్యం, పితృకార్యాల్లో కుడి భుజంమీదికి మారిస్తే అపసవ్యం. ఆ మాటే తెలుగులోకి వచ్చి, పని చక్కగా జరిగితే 'సవ్యంగా జరిగింది' అంటున్నాము. అంటే సవ్యమైన చెయ్యి ఎడమ చెయ్యేనన్నమాట! యిదంతా బల్లమీద గుద్ది మరీ పిల్లలకు చెప్పాను. చెప్పి యింటికొచ్చి, సాయంత్రం ఆరున్నరకు నా యింట్లో సవ్యసాచి చేతిలోనించి పెన్సిలు లాగేశాను.

ఆ రాత్రి అత్తగారి దగ్గర కూచుని నాకు తెలిసిందంతా చెప్పాను. లోకంలో సుమారు పదిమందిలో ఒకరిది ఎడమచేతివాటమేనని. యిది పిల్లల మొండితనం కాదు, మెదడు అమరికలో పుట్టుకతో వచ్చేదని. మూడు నాలుగేళ్ళకే చాలామందిలో యిది తేలిపోతుందని. బలవంతాన చెయ్యి మార్పించవద్దని యీనాటి వైద్యులు చెబుతున్నారని. గాంధీగారి సంగతి కూడా చెప్పాను. 1909లో లండన్‌నించి దక్షిణాఫ్రికాకు ఓడలో వస్తూ ఆయన 'హింద్ స్వరాజ్' వ్రాశారు. చేతివ్రాత ప్రతి 275 పేజీలు. కుడిచెయ్యి అలసిపోతే ఆగలేదు. ఎడంచేత్తో వ్రాశారు, అలా వ్రాసినవి సుమారు 40 పేజీలు.

అత్తగారు అంతా విన్నారు. ఆవిడ అక్షరం విలువ తెలియని మనిషి కాదు. నిజాం రోజుల్లో చదువంతా ఉర్దూలో సాగుతున్నప్పుడు, ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పాలని మాడపాటి హనుమంతరావుగారు 1928లో పెట్టిన బడి నారాయణగూడలో వుంది చూడండి, ఆ బడిలో 1960 తరవాత చదువుకున్నారు ఆవిడ. యీనాటికీ ఆవిడ చాకలిపద్దు చూస్తే అచ్చుపుస్తకం చూసినట్టుంటుంది.

"నువ్వు పుస్తకాలు చూశావమ్మాయ్. నేను లోకం చూశాను" అన్నారు చివరికి. "రేపు పెళ్ళిలో కంకణం ఏ చేతికి కడతారు? తాంబూలం ఏ చేత్తో యిస్తాడు? నలుగురూ నవ్వరూ? మా తమ్ముడికీ యిదే వుండేది. మా తాత వాడి ఎడంచేతికి గుడ్డ చుట్టి నడుముకు కట్టేసేవాడు. మూణ్ణెల్లలో దారికొచ్చాడు."

"వచ్చి, బాగా చదువుకున్నారా అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ మామయ్యగారు ఎనిమిదో తరగతితో చదువు చాలించి కిరాణాకొట్టు పెట్టుకున్నారని నాకు తెలుసు. ఎందుకు చాలించారన్నది వాళ్ళింట్లో ఎవరూ అడిగినట్టు లేదు.

అప్పటికి మా మధ్య కుదిరిన ఒప్పందం యిది: నా ఎదుట వాడు ఎడంచేత్తో వ్రాసుకోవచ్చు. నాన్నమ్మ ఎదుట పుస్తకం తియ్యకూడదు. ఒప్పందమంటే యిద్దరికీ నచ్చనిదేగా!

పోయిన మాఘమాసంలో ఒక తెల్లవారుజామున అత్తగారు స్నానాలగదిలో కాలుజారి పడ్డారు. కుడి మణికట్టు ఎముక విరిగింది. మోచేతిదాకా కట్టు వేసి, ఆరు వారాలు కదిలించకూడదన్నారు డాక్టరుగారు. నొప్పితో కళ్ళనీళ్ళు తిరుగుతూనే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మరి నా రామకోటి?"

ఆవిడ రామకోటి మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది. రోజుకు వెయ్యి చొప్పున, చిన్నచిన్న గళ్ళలో 'శ్రీరామ' అని వ్రాస్తారు. రోజుకు వెయ్యి వ్రాస్తే కోటి పూర్తి కావడానికి యిరవయ్యేడేళ్ళు దాటుతుంది. అదేం లెక్కపెట్టుకోరు ఆవిడ. నిండిన పుస్తకాలను ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే భద్రాచలం పంపిస్తారు. ఒక్కరోజు ఆగలేదు. జ్వరం వచ్చినా పదకొండైనా వ్రాసేవారు.

"ఆరు వారాలు సెలవు పెట్టండి" అన్నారు డాక్టరుగారు నవ్వుతూ.

"రాముడికి సెలవేమిటయ్యా!" అన్నారు అత్తగారు.

యింటికొచ్చాక రెండు రోజులు ఆవిడ గోడకు ఆనుకుని కూచుని పుస్తకంకేసి చూస్తూ వుండిపోయారు. నేను వ్రాసిపెడతానంటే వద్దన్నారు. ఎవరి రామకోటి వాళ్ళే వ్రాసుకోవాలట. మూడోరోజు సాయంత్రం నేను కాలేజీనించి వచ్చేసరికి మధ్యగదిలో మాటలు వినిపించాయి. గుమ్మందగ్గరే ఆగిపోయాను.

"నాన్నమ్మా, నీకు యింకో చెయ్యి వుందిగా."

"తప్పురా కన్నా. రాముడి పేరు ఎడంచేత్తో వ్రాయకూడదు."

"రాముడు కోప్పడతాడా?"

"..."

"బాణం వేసేటప్పుడు విల్లు రాముడు ఏ చేత్తో పట్టుకుంటాడు?"

గోడమీద పటంలో వుంది జవాబు. పట్టాభిరాముడు కాదు, కోదండరాముడు. విల్లు ఎడమచేతిలో వుంది. ఆవిడ ఆ పటంకేసి ఎంతసేపు చూశారో నాకు తెలియదు. నాకు కనిపించింది తరవాతి దృశ్యం: మావాడు పుస్తకాన్ని నాన్నమ్మ ముందు పెట్టి, కొంచెం ఎడమకు జరిపి, వాలుగా తిప్పుతున్నాడు.

"చెయ్యి తిప్పగూడదు నాన్నమ్మా. కాయితం తిప్పాలె."

డెబ్బయి దాటిన చెయ్యి, అరవయ్యేళ్ళకు పైగా ముత్యాలు కూర్చిన మనిషి చెయ్యి, ఒక 'శ్రీ' వ్రాయడానికి ఆపసోపాలు పడింది. గుడిదీర్ఘం ఆకాశంలోకి పోయింది. క్రారవడి గడి దాటి పక్కింట్లో పడింది. 'మ' కొమ్ము తల్లకిందులైంది. ఆవిడ పళ్ళు బిగించారు. పెన్సిలు ముక్కు విరిగింది.

ఆవిడ విరిగిన పెన్సిలుకేసి చూసి, తరవాత మనవడికేసి చూశారు. "నీకూ యిట్లాగే వుండేదిరా, కుడిచేత్తో వ్రాయమంటే?" అన్నారు.

వాడు తల వూపాడు. "చెయ్యి నొప్పి పుట్టేది. చెబితే మీరు వినలేదుగా" అన్నాడు. కోపంగా కాదు; వాన వచ్చింది అన్నట్టు చెప్పాడు. నేను గుమ్మందగ్గరనించి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కళ్ళు తుడుచుకోవడానికి వంటింటికన్నా మంచి చోటు లేదు; ఉల్లిపాయలమీద నెపం వేయవచ్చు.

ఆ రాత్రి భోజనాలయ్యాక అత్తగారు ఫోను కలపమన్నారు. తమ్ముడికి. "ఒరే తమ్ముడూ, నువ్వు కొట్లో పద్దు ఏ చేత్తో రాస్తావురా?" అని అడిగారు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తరవాత ఏదో అన్నారాయన. ఆవిడ "ఊఁ" "ఊఁ" అని వింటూ కూచున్నారు. ఫోను పెట్టేశాక నాతో అన్నారు: "ఎవరూ లేనప్పుడు ఎడంచేత్తోనే రాస్తాడట. గిరాకీ వస్తే చెయ్యి మారుస్తాడట. అరవై ఎనిమిదేళ్ళు వాడికి." యింకేమీ అనలేదు.

ఆనాటినించి మా యింట్లో సాయంత్రం ఆరున్నరకు యిద్దరు విద్యార్థులు. ఈ ఆరు వారాల్లో నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు, యింట్లో చిన్నపిల్లలున్న వారికి పనికొస్తాయేమోనని చెబుతున్నాను. బడిపంతుళ్ళకు యివి కొత్త కాకపోవచ్చు; నాబోటి తల్లులకు కొత్తే.

మొదటిది, కాలం. పసివాడిచేత గంటసేపు వ్రాయిస్తే చివరి నలభై నిమిషాలు చెడువ్రాత అభ్యాసం చేయించినట్టే. పదిహేను నిమిషాలు చాలు. అది కూడా వాడు ఆడుకుని వచ్చి, ఏదైనా తిన్న తరవాత.

రెండోది, అక్షరానికి ముందు బొమ్మ. గాంధీగారు తన దస్తూరీ బాగాలేదని ఆత్మకథలో పశ్చాత్తాపపడుతూ, పిల్లలకు ముందు బొమ్మలు గీయడం నేర్పి తరవాతనే అక్షరాలు నేర్పాలన్నారు. మన తెలుగు అక్షరాలకు యిది మరీ నిజం. మన లిపి అంతా గుండ్రాలే: సున్న, అరసున్న, మెలిక, కొమ్ము. మా అత్తగారు కట్టు చేతితోనే మనవణ్ణి వాకిట్లోకి తీసుకుపోయి చుక్కలు పెట్టించి మెలికల ముగ్గు వేయించారు. నెలనాళ్ళు ముగ్గులు వేసినవాడికి 'ఞ' అంటే కూడా భయం వుండదు.

మూడోది, వరస. అచ్చులూ హల్లులూ నోటికి వర్ణమాల వరసలో రావలసిందే. చేతికి మాత్రం పోలిక వరస సుఖం. 'ద' వచ్చినవాడికి 'డ', 'ధ', 'థ' చుట్టాలు. 'వ' వచ్చినవాడికి 'ప', 'ష', 'మ' చుట్టాలు. చుట్టాలను పక్కపక్కన కూచోబెడితే తేడా తానే కనిపిస్తుంది. 'పాము'నూ 'వాము'నూ విడివిడిగా వ్రాయించినన్నాళ్ళూ మావాడికి తేడా తెలియలేదు. ఒకే వరసలో వ్రాయించి, ఏది కరుస్తుంది, ఏది అరిగిస్తుంది అని అడిగితే ఒక్కరోజులో తెలిసింది.

నాలుగోది, గీతలు. ఇంగ్లీషుకని కొన్న నాలుగుగీతల పుస్తకంలో తెలుగు వ్రాయించకండి. మన అక్షరానికి మూడంతస్తులు కావాలి: పైన తలకట్టో గుడో, నడుమ ఒళ్ళు, కింద వత్తు. వెడల్పయిన రెండుగీతల పుస్తకంలో వరస విడిచి వరస వ్రాయిస్తే వత్తుకు వుండడానికి యిల్లు దొరుకుతుంది.

ఇహ ఎడమచేతివాటం పిల్లలకు ప్రత్యేకం. కాయితం ఎడమకు జరిపి వాలుగా పెట్టాలని చెప్పాను. దీపం కుడివైపున వుండాలి, లేకపోతే చేతినీడ అక్షరంమీద పడుతుంది. చూచివ్రాతలో మాదిరి అక్షరం ఎడమ అంచున వుంటే వ్రాసే చెయ్యి దాన్నే కప్పేస్తుంది; కుడి అంచున కూడా ఒకటి వ్రాసిపెట్టండి. మన వ్రాత ఎడమనించి కుడికి పోతుంది గనక చెయ్యి వ్రాసినదానిమీదుగానే సాగి మసిబారుతుంది. మెత్తటి పెన్సిలు కాకుండా కొంచెం గట్టిదివ్వండి. ఉర్దూ వ్రాసే ఎడమచేతివాటంవారికి ఈ బాధ లేదు, వారి వ్రాత కుడినించి ఎడమకు నడుస్తుంది. బడిలో బల్లకు ఎడమ చివర కూచోబెట్టమని పంతులమ్మగారితో చెప్పండి. మోచేతుల యుద్ధాలు తప్పుతాయి. నేను వెళ్ళి చెబితే ఆవిడ ఎంతో మర్యాదగా, "ముందే చెప్పవలసింది కదమ్మా" అన్నారు. అప్పుడప్పుడు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడితే కంగారుపడకండి. చిన్నతనంలో అది ఏ చేతివాటం పిల్లలకైనా వుంటుంది. ఏడెనిమిదేళ్ళకు సాధారణంగా సర్దుకుంటుంది. అప్పటికీ సర్దుకోకపోతే తెలిసినవాళ్ళకు చూపించాలి.

చివరిది, మెప్పు. తప్పులకు ఎర్రగీత పెట్టడం మానేశాను. యిది మా వృత్తిలోవాళ్ళకు ఎంత కష్టమో దేవుడికెరుక. దానికి బదులు వరస పూర్తికాగానే, "యిందులో నీకు బాగా నచ్చిన అక్షరం ఏది?" అని అడుగుతాను. వాడు వెతికి వెతికి ఒకదాన్ని ఎంచి, ఎర్రపెన్సిలుతో దానిపక్కన నక్షత్రం వేస్తాడు. తరవాతి వరసలో అంతకన్నా మంచిది వ్రాయాలని వాడికే పుడుతుంది.

వెనకటివాళ్ళు నాగలికి కట్టిన ఎడ్లలో కుడిదాన్ని వలపటి ఎద్దనీ ఎడమదాన్ని దాపటి ఎద్దనీ అనేవారు. ఏది మంచి ఎద్దు అని అడిగితే రైతు నవ్వుతాడు. కాడి రెండింటికీ ఒకటే.

ఉగాదికి ముందే అత్తగారి కట్టు విప్పారు. ఒకటి రెండు వారాల్లో కుడిచెయ్యి మళ్ళీ ముత్యాలు కూర్చడం మొదలుపెట్టింది. శ్రీరామనవమికి మా వీధివాళ్ళెవరో భద్రాచలం వెళుతున్నారంటే నిండిన పుస్తకాలు మూటగట్టే పని నామీద పడింది. ఆ ఆరు వారాల పుస్తకం విప్పి చూశాను. వంకరటింకర అక్షరాలు, గడులు దాటిన గుడిదీర్ఘాలు. పోను పోను కొంచెం కుదురుకున్నాయి. పేజీ పేజీకీ అక్కడక్కడా ఎర్రపెన్సిలు నక్షత్రాలు. నాన్నమ్మ వ్రాసినవాటిలో మంచి 'శ్రీరామ' ఏదో మనవడు ఎంచి పెట్టినవి.

"అత్తయ్యా, యిది యింట్లో వుంచుకుందామా?" అన్నాను.

"ఎందుకూ?" అన్నారావిడ. "అన్నింటికన్నా కష్టపడి రాసింది అదే. దాన్నే పైన పెట్టు."

పక్కన చాపమీద మావాడు చూచివ్రాత వ్రాసుకుంటున్నాడు. పెన్సిలు ఎడంచేతిలో వుంది. అత్తగారు వాడి పక్కగా వెళుతూ వంగారు. పాత అలవాటు కాబోలు, చెయ్యి ముందుకు చాచారు. చాచి, పుస్తకాన్ని కొంచెం వాలుగా తిప్పి వెళ్ళిపోయారు.